రెండంచెల ధ్రువీకరణ పెట్టాక ఖాతా తెరుచుకోకపోతే: సమస్య - పరిష్కారం

జీమెయిల్, వాట్సాప్, ఫేస్‌బుక్ వంటి ఖాతాల్లోకి వెళ్లేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు (వాట్సాప్‌లో అయితే ఓటీపీతో పాటు) మరొక ఆధారాన్ని కూడా అడిగే ఏర్పాటే రెండంచెల ధ్రువీకరణ. దీన్ని పెట్టుకున్నవారిలో కొందరు ఒకసారి ఖాతా తెరుచుకోకపోగానే విసుగుతో తీసేస్తుంటారు. అలా తీసేయవలసిన అవసరం చాలా అరుదు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నేను చూసినంతలో ఎక్కువ చిక్కులు ఖాతా మొత్తాన్ని ఒకే ఒక్క ఫోన్ నంబరు మీద ఆధారపడేలా ఉంచడం వల్ల వచ్చినవే.

ఓటీపీ రావడం లేదు

ముందుగా ఆ ఖాతాలో నమోదైన నంబరు ఎవరిదో చూడాలి. హన్మకొండలో ఏదో జిరాక్స్ సెంటర్‌లో దరఖాస్తు నింపించుకుంటూ అక్కడే మెయిల్ ఐడీ తెరిపించుకున్నవారికి, దుకాణదారు నంబరే నమోదై ఉండే అవకాశం ఉంది. హాస్టల్‌లో చదువుకునే పిల్లల ఖాతాకు ఊళ్లో ఉన్న బాపు నంబరు ఉండటం కూడా మామూలే. ఖాతా ఇప్పటికే తెరిచి ఉన్న ఫోన్ గానీ కంప్యూటర్ గానీ ఉంటే, అందులోనే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నంబరు మార్చుకోవాలి.

నంబరు మీదే అయితే రీచార్జ్ గడువును, మెసేజ్‌ల యాప్‌లోని స్పామ్ విభాగాన్ని చూడండి. పోయిన సిమ్‌కు బదులు కొత్త సిమ్ తీసుకున్నప్పుడు, మోసగాళ్లు మీ పేరుతో సిమ్ తీసుకుని ఓటీపీలు కాజేయకుండా 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లను నిలిపివేస్తారు కాబట్టి, ఆ ఒక్క రోజు ఆగడం తప్ప చేయగలిగింది లేదు.

గల్ఫ్‌కు వెళ్లినవారి ఇబ్బంది ఇంతకంటే పెద్దది. ఇక్కడి సిమ్‌కు రీచార్జ్ ఆపేస్తే కొంతకాలానికి ఆ నంబరు రద్దవుతుంది. రద్దయిన 90 రోజుల తరువాత దాన్ని మరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు మీ ఓటీపీ మీకు రాకపోవడమే కాదు, ముక్కూ ముఖం తెలియని మనిషికి చేరుతుంది. అందుకే ప్రయాణానికి ముందే, ఇంటి దగ్గర ఉండగానే, ఫోన్‌లోనే కోడ్‌లు తయారుచేసే అథెంటికేటర్ యాప్‌ను పెట్టుకోవాలి. అది కోడ్ చూపడానికి సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

అథెంటికేటర్ కోడ్ కొడితే తప్పని చూపిస్తోంది

ఈ యాప్ మొదట క్యూఆర్ కోడ్ ద్వారా అందుకున్న రహస్య సంఖ్యను, ఫోన్‌లోని సమయాన్ని కలిపి లెక్కగట్టి, సాధారణంగా 30 సెకన్లకొకసారి కొత్త ఆరంకెల కోడ్‌ను చూపుతుంది. అవతల సర్వర్ కూడా అదే లెక్క చేసి పోల్చుకుంటుంది. ఫోన్ గడియారం కొన్ని నిమిషాలు అటూ ఇటూ అయితే చాలు, లెక్కలు కలవవు.

దుబాయ్‌లో దిగినవారు తరచుగా చిక్కుకునేది ఇక్కడే. అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. టైమ్ జోన్‌ను భారత్‌గానే ఉంచి గడియారాన్ని మాత్రం చేత్తో గంటన్నర వెనక్కి జరిపితే, చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది గానీ యాప్ లోపల చేసే లెక్క గంటన్నర తప్పుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో తేదీ, సమయం విభాగానికి వెళ్లి సమయాన్ని, టైమ్ జోన్‌ను రెండింటినీ ఆటోమేటిక్‌గా పెడితే కోడ్ మళ్లీ పనిచేస్తుంది. అప్పటికీ పనిచేయకపోతే యాప్‌లో ఒకే ఖాతా పేరు రెండుసార్లు ఉందేమో చూడండి. రెండోసారి సెటప్ చేసినవారికి పాత వరుసలోని కోడ్ చెల్లదు.

క్యూఆర్ కోడ్ ఉన్నది అదే ఫోన్‌లో

యాప్ సెటప్ చేసేటప్పుడు క్యూఆర్ కోడ్ అదే ఫోన్ తెరపై ఉంటే దాన్ని స్కాన్ చేయడం కుదరదు. కంప్యూటర్ లేనివారికి ఇది సహజం. క్యూఆర్ కింద స్కాన్ చేయలేనివారి కోసం ఉండే లింకును నొక్కితే అక్షరాలు, అంకెలు కలిసిన సెటప్ కీ వస్తుంది. దాన్ని కాపీ చేసి యాప్‌లో అతికిస్తే సరిపోతుంది. ఆ కీని ఎవరికీ పంపకండి. జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌లో అసలే తెరవకండి.

ఫోన్ పోయింది, లేదా రీసెట్ అయింది

యాప్‌లోని రహస్య సంఖ్య ఫోన్‌తోనే పోతుంది. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 నుంచి కోడ్‌లను గూగుల్ ఖాతాలో దాచుకునే వీలుంది గానీ, ఆ గూగుల్ ఖాతాలోకి వెళ్లడానికే కోడ్ కావాల్సి వస్తే దారి మూసుకుపోతుంది. అందువల్ల నేను అన్నిటికంటే ముందు నమ్మేది కాగితాన్నే. ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ ఒకేసారి 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కసారే చెల్లుతుంది. వాటిని రాసుకుని, ఫోన్‌తో పాటు తిప్పకుండా, ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్, సర్టిఫికెట్లు ఉండే చోటే పెట్టండి. ఫోన్ అమ్మేముందు యాప్‌లోని ట్రాన్స్‌ఫర్ సదుపాయంతో ఖాతాలను కొత్త ఫోన్‌కు మార్చి, ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే పాతదాన్ని రీసెట్ చేయాలి.

కోడ్‌లు కూడా లేకపోతే గూగుల్ రికవరీ పేజీ ఒక్కటే దారి. మీరు రోజూ వాడే పరికరం నుంచి, రోజూ ఉండే చోటి నుంచి ప్రయత్నిస్తే మిమ్మల్ని గుర్తించే అవకాశం పెరుగుతుంది. వాట్సాప్ పిన్ మరిచిపోయి, ఈమెయిల్ కూడా ఇవ్వనివారు 7 రోజులు ఆగవలసి ఉంటుంది.

అడగకుండానే ఓటీపీ వచ్చింది

పాస్‌వర్డ్ తరువాత ఓటీపీ అడిగే ఖాతా అయితే, మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిందని భావించాలి. నంబరు ఒక్కటే అడిగే యాప్ అయితే ఎవరో పొరపాటున మీ నంబరు కొట్టి ఉండవచ్చు. ఏదైనా సరే ఆ అంకెలను ఎవరికీ చెప్పకండి, అవతలివారు బ్యాంకు అధికారినని చెప్పినా సరే. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో తెలియనివాటిని తొలగించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.