పాత కేసు ఉందా? వేట సీజన్‌కి ముందే కాగితాలు చూసుకోండి

టెక్సాస్ ఉత్తర భాగంలో సెప్టెంబరు 1న గువ్వల వేట మొదలవుతుంది. ఆగస్టు ఆఖరి వారం వచ్చిందంటే మా గుంపులో ఒకటే హడావిడి. కూలర్ ఎవరు తెస్తారు, పొలం అద్దె తలా ఎంత పడుతుంది, పిట్టల్ని వేపుడు చేద్దామా ఇగురు పెడదామా. ఓ ఏడాది సరిగ్గా ఆ హడావిడిలోనే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పదేళ్ల వయసులో అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చి, సిటిజన్ అయినవాడు.

"అన్నా, ఈసారి నేనూ వస్తా. గన్ కూడా చూసిపెట్టుకున్నా."

"నీకు ఆ పాత కేసు ఉంది కదా తమ్ముడూ?"

"అదెప్పుడో క్లోజ్ అయిపోయిందన్నా. పన్నెండేళ్లయింది. అయినా నేను జైలుకి పోలేదుగా!"

ఆ మూడు ముక్కల్లో ఒక్కటి కూడా అతన్ని కాపాడదు. కాలేజీ రోజుల్లో రూమ్మేటు చేతికిచ్చిన ఎవరిదో క్రెడిట్ కార్డు గీకి దొరికిపోయాడు. టెక్సాస్‌లో అది స్టేట్ జైల్ ఫెలనీ, అంటే పెద్ద నేరాల్లో కింది మెట్టు. ప్రొబేషన్‌తో (జైలుకి బదులు కోర్టు నిఘాలో గడపడం) బయటపడ్డాడు, ఆ తర్వాత బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. కానీ తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం బుద్ధి చూడదు, రికార్డు చూస్తుంది. నేను లాయర్ని కాను. అతని కోసం, ఆ తర్వాత ఇంకో ఇద్దరి కోసం లాయర్ల చుట్టూ తిరిగి నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందుగా "జైలుకి పోలేదు" అనే మాట. తుపాకుల షాపులో కౌంటరు మీద పెట్టే 4473 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మీకు ఎంత శిక్ష పడిందని అది అడగదు, ఆ నేరానికి జడ్జి ఏడాదికి మించి జైలు వెయ్యగలిగేవాడా అని అడుగుతుంది. పడిన శిక్ష కాదు, పడగలిగిన శిక్ష. ఒక్కరోజు కూడా లోపల ఉండనివాడు కూడా అక్కడ "అవును" అని టిక్కు పెట్టాల్సిందే. చదవకుండా "కాదు" అని పెట్టి సంతకం చేస్తే అదొక కొత్త ఫెడరల్ నేరం. పాత కేసుతో దానికి సంబంధం కూడా అక్కర్లేదు.

మిస్డిమీనరే (చిన్న నేరమే) కదా అని ఊపిరి పీల్చుకోకండి. రాష్ట్రం మిస్డిమీనర్ అని పిలిచే నేరానికి గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు, అంతకన్నా తక్కువ అయితే ఫెడరల్ చట్టం వదిలేస్తుంది. దాటితే వదలదు. మసాచుసెట్స్‌లో మొదటిసారి తాగి నడిపిన కేసుకే గరిష్ఠం రెండున్నరేళ్లు. అక్కడ చదువుకున్నప్పుడు పడిన డీయూఐ శిక్ష, ఇరవై ఏళ్ల తర్వాత డాలస్‌లో తుపాకీ కొనబోతే అడ్డం పడుతుంది. పెన్సిల్వేనియాలో బ్రయాన్ రేంజ్ అనే ఆయన 1995లో ఫుడ్ స్టాంపుల దగ్గర ఆదాయం తప్పు చెప్పిన కేసులో ప్రొబేషన్‌తో సరిపెట్టుకున్నాడు. పేరుకి మిస్డిమీనరే, గరిష్ఠం మాత్రం 5 ఏళ్లు. ఆ ఒక్క ముక్క మీద ఏళ్ల తరబడి కోర్టులో పోరాడితే 2023లో ఒకసారి, 2024 డిసెంబరులో మళ్లీ ఒకసారి థర్డ్ సర్క్యూట్ కోర్టు (ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు ఆయన పరిస్థితికి ఇచ్చింది. దాన్ని చూసి మీ అంతట మీరు తుపాకీ కొనుక్కోవద్దు.

గృహహింస కేసుల దగ్గర లెక్క ఇంకా కఠినం. మనవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. రాత్రి గొడవ, పక్కింటివాళ్లో ఇంట్లోవాళ్లో 911కి ఫోన్, పోలీసులు, పొద్దున బెయిలు. "చిన్న మిస్డిమీనర్, ఒప్పేసుకుంటే క్లాసులతో పోతుంది" అని చెప్తారు. పరువు పోతుందన్న భయంతో, వీలైనంత త్వరగా తేలిపోవాలని సంతకం పెట్టేస్తారు. 1996 నుంచి ఫెడరల్ చట్టంలో, భార్య మీదో భర్త మీదో బలప్రయోగం చేసినట్టు మిస్డిమీనర్ శిక్ష పడినా తుపాకీ హక్కు పోతుంది. దీనికి రెండేళ్ల గీత వర్తించదు. 2022లో పెళ్లికాని డేటింగ్ జంటలను కూడా ఇందులో చేర్చారు. వాళ్లకు మాత్రం మొదటి కేసే అయితే, మళ్లీ ఏ గొడవా లేకుండా 5 ఏళ్లు గడిస్తే హక్కు తిరిగొచ్చే వెసులుబాటు ఇచ్చారు. భార్యాభర్తలకి ఆ వెసులుబాటు లేదు. శిక్ష సంగతి అటుంచితే, అవతలివాళ్ల జోలికి పోవద్దనే కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్ అమల్లో ఉన్నన్నాళ్లూ కూడా తుపాకీ కుదరదు. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థించింది.

ఇక "పన్నెండేళ్లయింది". టెక్సాస్‌లో ఇది పెద్ద ఉచ్చు. శిక్ష, ప్రొబేషన్ ముగిసి 5 ఏళ్లు దాటితే ఫెలనీ ఉన్నవాడు తన ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చని రాష్ట్ర చట్టమే చెప్తుంది. అది చదివి బోలెడంత మంది ధైర్యంగా కొనేస్తారు. ఫెడరల్ చట్టానికి ఆ 5 ఏళ్లు పట్టవు. ఊరి షెరీఫ్ ఏమీ అనకపోవచ్చు, ఏటీఎఫ్ (తుపాకీ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) మాత్రం అంటుంది. నిషేధం ఉండగా తుపాకీ ఉంచుకున్న నేరానికి 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. కాలం గడిచినంత మాత్రాన ఫెడరల్ నిషేధం కరిగిపోదు. ఏదో ఒక కాగితం దాన్ని తొలగించాలి.

ఏ కాగితం అన్నది శిక్ష వేసిన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మీరు ఇప్పుడుంటున్న రాష్ట్రాన్ని బట్టి కాదు. ఇది చాలామందికి తెలియదు. ఆ రాష్ట్రం కేసు కొట్టేసినా, క్షమాభిక్ష పెట్టినా, పౌరహక్కులు తిరిగిచ్చినా ఫెడరల్ చట్టం దాన్ని శిక్షగా లెక్కపెట్టదు. ఒక్క షరతు: ఆ కాగితంలో తుపాకీ కూడదని రాసి ఉండకూడదు. టెక్సాస్‌లో గవర్నర్ క్షమాభిక్ష దారి ఉంది. ఫ్లోరిడాలో తుపాకీ హక్కుకి విడిగా దరఖాస్తు చెయ్యాలి, శిక్ష పూర్తిగా ముగిసి 8 ఏళ్లు కావాలి. వర్జీనియాలో ముందు గవర్నర్ పౌరహక్కులివ్వాలి, తర్వాత తుపాకీ కోసం సర్క్యూట్ కోర్టుకి వెళ్లాలి. నార్త్ కరోలినాలో హింస లేని ఒకే ఒక్క ఫెలనీ ఉన్నవాడు కూడా పౌరహక్కులు తిరిగొచ్చాక 20 ఏళ్లు ఆగాలి. అన్ని రాష్ట్రాలూ రాయలేను, అవసరం కూడా లేదు. మీకు కావాల్సింది ఒక్క రాష్ట్రమే.

కాలిఫోర్నియా సంగతి మాత్రం చెప్పి తీరాలి. అక్కడ 1203.4 సెక్షన్ కింద కేసు "ఎక్స్‌పంజ్" చేయించుకున్నామని చాలామంది సంబరపడతారు. ఉద్యోగాలకి అది పనికొస్తుంది. తుపాకీ హక్కు మాత్రం దాంతో తిరిగిరాదు. ఎక్స్‌పంజ్‌మెంట్ అనే మాట వినగానే అంతా తుడిచిపెట్టుకుపోయిందనుకోవద్దు. ఇంకో మెలిక కూడా ఉంది. రాష్ట్రం సగం హక్కు మాత్రమే ఇచ్చిందనుకోండి, రైఫిల్ పర్లేదు, పిస్టల్ వద్దు అని. 1998లో కేరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: సగం నిషేధం మిగిలినా ఫెడరల్ లెక్కలో మొత్తం నిషేధమే.

పాత కేసు ఫెడరల్ కోర్టుదైతే (వీసా మోసం, మెడికేర్ బిల్లుల మోసం లాంటివి) రాష్ట్రం ఇచ్చే ఏ కాగితమూ పనిచెయ్యదు. 1994లో బీచమ్ కేసు ఆ తలుపు మూసేసింది. ప్రెసిడెంట్ క్షమాభిక్ష ఒక దారి. చట్టంలో ఇంకో దారి ఎప్పటినుంచో ఉంది కానీ, వ్యక్తుల దరఖాస్తులు పరిశీలించడానికి ఏటీఎఫ్ పైసా ఖర్చుపెట్టకూడదని 1992 నుంచి కాంగ్రెస్ నిధులు ఆపేసింది. దుకాణం బోర్డు ఉంది, షట్టర్ దించి ఉంది అన్నట్టు. 2025 మార్చిలో న్యాయశాఖ ఆ అధికారాన్ని ఏటీఎఫ్ నుంచి తీసి అటార్నీ జనరల్ చేతికి మార్చింది. ఏప్రిల్‌లో పదిమందికి హక్కులు తిరిగిచ్చారు, అందులో నటుడు మెల్ గిబ్సన్ ఒకడు. జులైలో దరఖాస్తు నిబంధనల ముసాయిదా వచ్చింది. ఈ వార్త పట్టుకుని "గ్యారంటీగా తెప్పిస్తాం, ముందు సగం కట్టండి" అనేవాళ్లు బయల్దేరతారు. గ్యారంటీ అన్న మాట వినబడిందంటే ఫోన్ పెట్టెయ్యండి.

ఇండియా కేసుల గురించి కూడా అడుగుతుంటారు. 2005లో స్మాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిషేధం చట్టంలో "ఏ కోర్టులోనైనా" శిక్ష పడితే అంటే అమెరికా కోర్టులేనని. ఆయనకి శిక్ష పడింది జపాన్‌లో. అంటే గుంటూరు కోర్టులో పడిన శిక్షతో ఈ ఫెడరల్ నిషేధం రాదు. రాష్ట్ర చట్టం వేరుగా ఉండొచ్చు, అది విడిగా చూసుకోవాలి. సిటిజన్‌షిప్ దరఖాస్తులో మాత్రం ఆ కేసు దాచకూడదు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇమ్మిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్ అనే మాటకి అర్థమే వేరు. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషి అని తేల్చడం వాయిదా వేసి ప్రొబేషన్‌లో పెట్టడం) సరిగ్గా పూర్తిచేస్తే రాష్ట్రం లెక్కలో శిక్ష పడనట్టే. ఇమ్మిగ్రేషన్ లెక్కలో పడినట్టే. నేరం ఒప్పుకుని, దానికి తోడు ప్రొబేషన్ లాంటి ఏ ఆంక్ష పెట్టినా చాలు. పైగా తుపాకీ చట్టం ఉల్లంఘించినట్టు కొత్తగా శిక్ష పడితే అదొక్కటే దేశం నుంచి పంపెయ్యడానికి కారణం అవుతుంది. కాబట్టి మీరు ఇద్దరు లాయర్లతో మాట్లాడాలి, ఒకరు క్రిమినల్, ఇంకొకరు ఇమ్మిగ్రేషన్. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకైతే పాత కేసు లేకపోయినా నిషేధమే. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీతో సరదాగా నాలుగు రౌండ్లు పేల్చడం కూడా తుపాకీ పట్టుకోవడమే.

మా కుర్రాడితో మొదట చేయించిన పని, కేసు నడిచిన కౌంటీలో డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసు నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెప్పించడం. కవరు విప్పి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. అతను మొదటిసారి పూర్తిగా చదివాడట! సెక్షన్ నంబరు, నేరం స్థాయి, ప్రొబేషన్ ముగిసిన తేదీ, ఈ మూడింటికీ పసుపు హైలైటర్ గీశాం. లాయరు మొదటి గంటలో అవే అడిగాడు. కాగితం లేకుండా వెళ్తే ఆ గంట ఫీజు వృథా. రెండోది, ఎఫ్‌బీఐ నుంచి సొంత రికార్డు. 18 డాలర్లు, వేలిముద్రలు. అతనికి తెలియని అరెస్టు ఎంట్రీ ఒకటి ఏ తీర్పూ లేకుండా అందులో వేలాడుతూ కనబడింది. అలాంటివే తర్వాత అడ్డం పడతాయి.

షాపుకెళ్లి "ప్రయత్నించి చూద్దాం, కాదంటే వదిలేద్దాం" అనుకోవద్దు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం నిక్స్ తనిఖీలో (కొనేవాళ్ల రికార్డుని ఎఫ్‌బీఐ చూసే తనిఖీ) తిరస్కరిస్తే ఆ సమాచారం స్థానిక పోలీసులకి వెళ్తుంది. ఇంకో ప్రమాదం, తనిఖీ తేలకుండా 3 పనిదినాలు గడిస్తే షాపువాడు ఇచ్చెయ్యొచ్చు. ఇచ్చాడు కాబట్టి మీకు హక్కు ఉన్నట్టు కాదు. తర్వాత ఏటీఎఫ్ వాళ్లు ఇంటికొచ్చి తీసుకుపోతారు. హక్కు నిజంగా తిరిగొచ్చినవాళ్లు, తీర్పు కాపీలు జతచేసి ఎఫ్‌బీఐ వాలంటరీ అప్పీల్ ఫైల్‌లో పేరు ఎక్కించుకుంటే ఒక నంబరిస్తారు. దాన్ని కొనేటప్పుడు ఫారంలో రాస్తే ప్రతిసారీ ఆగిపోయే బాధ తగ్గుతుంది.

కాగితం వచ్చేదాకా ఇల్లు సర్దుకోవాలి. తుపాకీ మీ ఆవిడ పేరు మీద ఉన్నా, బీరువా తాళం మీకూ అందుబాటులో ఉంటే అది మీ దగ్గర ఉన్నట్టే. కోడు ఆవిడకే తెలిసిన సేఫ్ కొంత నయం, ఇంట్లో అసలు లేకపోవడం ఇంకా నయం. పాత తుపాకీలు అమ్మెయ్యొచ్చు, వేరేవాళ్లకి ఇచ్చెయ్యొచ్చు, 2015లో హెండర్సన్ కేసు అందుకు ఒప్పుకుంది. అయితే ఇచ్చాక వాటి మీద మీ పెత్తనం ఉండకూడదు. "బావమరిది పేరు మీద కొని నేను వాడుకుంటా" అన్న ఆలోచన వస్తే బావమరిదిని కూడా ముంచుతున్నారని గుర్తుపెట్టుకోండి. అలా ఒకరి కోసం ఇంకొకరు కొనడం 2022 నుంచి విడిగా ఫెడరల్ నేరం, దానికీ 15 ఏళ్ల దాకా.

తూటాలకీ ఇదే నిషేధం. గరాజ్‌లో పాత వేట చొక్కా జేబులో మిగిలిపోయిన ఒక్క గుండు చాలు. కేసు లేనివాళ్లకి కూడా చెప్తున్నా, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగునే ఇండియా ప్రయాణానికి సర్దకండి. శంషాబాద్‌లో స్కానర్ కింద ఒక తూటా కనబడితే పెళ్లికి వెళ్లాల్సినవాళ్లు పోలీస్ స్టేషన్‌కి వెళ్తారు. అక్కడ ఆయుధాల చట్టం 1959 నాటిది, తుపాకీ అంటే లైసెన్సు తప్ప హక్కు అన్న ఊసే లేదు.

వేట మీద అంత మోజుంటే విల్లు ఉంది. విల్లు ఫెడరల్ చట్టంలో తుపాకీ కాదు. టెక్సాస్‌లో జింకలకి విల్లు సీజన్ తుపాకీ సీజన్ కంటే ముందే మొదలవుతుంది. కాంపౌండ్ బో సెట్ చేయించుకుని రెండు నెలలు పెరట్లో గడ్డి మూట మీద సాధన చేస్తే గానీ చెయ్యి కుదరదు, కాబట్టి అది కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఆ ఏడాది గువ్వల వేటకి మా కుర్రాడు వచ్చాడు. విడిగా తన కారులో, సాయంత్రం, మా తుపాకీలన్నీ నా ట్రక్కులో తాళం పడ్డాక. తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నాను. లాయరు చెప్పిన జాగ్రత్తే అది. పిట్టలు శుభ్రం చేసి, అల్లం వెల్లుల్లి పట్టించి, ఇగురు మాత్రం అతనే పెట్టాడు. క్షమాభిక్ష దరఖాస్తు ఆస్టిన్ చేరిందని మధ్యలో ఫోన్ చూసుకుని చెప్పాడు.