వానల్లో ఒంటరిగా బయలుదేరే అంధులకు జాగ్రత్తలు

వానాకాలం రానున్నందున, ఫోన్ సాయంతో, అడ్డంకి ఎదురైతే కంపించి హెచ్చరించే స్మార్ట్‌కేన్ అనే చేతికర్ర సాయంతో హైదరాబాద్ వీధుల్లో నడిచేవారు గడప దాటకముందే వీటిని సరిచూసుకోవాలి.

స్మార్ట్‌కేన్ కంపించలేదు కదా అని ముందడుగు వేయకండి. ఢిల్లీ ఐఐటీ రూపొందించగా 2014లో విడుదలైన ఈ పరికరం మోకాలి ఎత్తు నుంచి తల వరకు, ఆరుబయట సుమారు 3 మీటర్లలోపు ఉన్న అడ్డంకులను అల్ట్రాసోనిక్ తరంగాలతో గుర్తిస్తుందే గాని, మూత తీసిన మ్యాన్‌హోల్‌నూ నీటి అడుగున ఉన్న గుంతనూ పసిగట్టలేదు. ఆ పని కర్ర కొనదే. నీరు నిలిచిన చోట కొనను నేలకు ఆనించి ఎడమకూ కుడికీ జరుపుతూ వెళ్లండి. అది ఒక్కసారిగా లోపలికి దిగితే అక్కడే ఆగండి.

ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, ఎందుకంటే ఆటో ఎటునుంచి వస్తోందో చెప్పేది రెండో చెవే. వానహోరులో ఆ ఒక్క ఇయర్‌ఫోన్‌నూ తీసేయడమే మేలని నా అభిప్రాయం.

అమీర్‌పేటలో మెట్రో వంతెన కింద జీపీఎస్‌ను గట్టిగా నమ్మవద్దు. ఆరుబయటే కొన్ని మీటర్లు తప్పే ఆ లెక్క, కాంక్రీటు అడ్డుపడితే మీరు రోడ్డుకు ఏ వైపున ఉన్నారో కూడా తప్పుగా చెప్పవచ్చు.

గమ్యాన్ని ఇంట్లోనే నమోదు చేయండి. తడి వేళ్లకు టచ్‌స్క్రీన్ సరిగా స్పందించదు.