తెరచాప పడవలో తీరికగా ఒక రోజు గడపడం ఎలా?

కరీబియన్‌లోని గ్రెనడీన్స్ దీవులకు పడవ అద్దెకు తీసుకుని వచ్చేవాళ్లు టోపీలు, కెమెరాలు, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ సర్దుకుని వస్తారు. లంగరు మాత్రం దబ్బున పడేసి ఊరు చూడ్డానికి వెళ్లిపోతారు. సాయంత్రానికి వాళ్ల పడవ పక్కవాడి పడవ మీద ఉంటుంది. మీకు రేపంతా తీరిక కావాలా? అయితే ఇవాళ మధ్యాహ్నం అరగంట ఒళ్లు వంచండి.

డిసెంబర్ నుంచి మే లోపు వెళ్లండి. జూన్ నుంచి నవంబర్ దాకా తుపానుల కాలం. 2024 జులై 1న బెరిల్ తుపాను ఈ దీవుల్లోని కరియాకూను ఊడ్చేసింది. భద్రమని మడ అడవుల్లో కట్టుకున్న పడవలు కూడా దెబ్బతిన్నాయి. కొత్తవాళ్లకు ఇదే దీవుల్లోని బెక్వేలో ఉన్న అడ్మిరల్టీ బే (చిన్న అఖాతం) మంచిది. ఇక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది. ఈ బే పడమటి వైపున ఉంది కాబట్టి కొండ అడ్డుపడి నీళ్లు దాదాపు నిలకడగా ఉంటాయి.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముఖానికి పెట్టుకునే ఈత అద్దం, పొడుగు చేతుల చొక్కా, తాగేనీళ్లు, ప్రెషర్ కుక్కర్. కుక్కర్ తప్పనిసరి. పడవ ఊగినా మూత ఊడదు, గ్యాస్ కలిసొస్తుంది.

ఇక లంగరు. మధ్యాహ్నం రెండు లోపే చేరుకోండి. సూర్యుడు నెత్తిన ఉంటేనే అడుగున ఏముందో కనిపిస్తుంది. లేత రంగులో మెరిసేది ఇసుక, నల్లగా కనిపించేది గడ్డి లేదా రాయి. లంగరు ఇసుకలోనే వేయాలి. గడ్డి మీద వేస్తే జారుతుంది, పైగా తాబేళ్లు మేసేది ఆ గడ్డినే.

పడవను గాలికి ఎదురుగా తిప్పి పూర్తిగా ఆపండి. లంగరును మెల్లగా నేలకు దించండి. ఇక్కడే నూటికి తొంభై మంది తొందరపడతారు. లంగరు గొలుసంతా ఒకేసారి వదిలితే లంగరు మీదే కుప్పగా పడుతుంది. గాలికి పడవ వెనక్కి జరుగుతుంటే దానితోపాటే కొంచెం కొంచెం వదలాలి.

ఎంత గొలుసు వదలాలి? నీళ్ల లోతుకు, నీటి మట్టం నుంచి పడవ ముందు కొస ఎత్తును కలిపి, దాన్ని ఐదుతో గుణించండి. 4 మీటర్ల లోతు, 1 మీటరు ఎత్తు అయితే 25 మీటర్లు. గొలుసు బదులు తాడు అయితే ఏడుతో గుణించాలి. ఎత్తును కలపడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. గొలుసు చాలినంత ఉంటే లాగుడు నేలకు దాదాపు సమాంతరంగా ఉండి, లంగరు నాగలి కర్రులా ఇసుకలోకి దిగుతుంది. చాలకపోతే పైకి లేస్తుంది. అంతే కిటుకు.

తర్వాత ఇంజిన్‌ను రివర్స్‌లో వేయండి. మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా, అర నిమిషం. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టును, దాని వెనక ఏదో ఇంటిని ఒకే వరుసలో పెట్టుకుని చూడండి. వరుస చెదరకపోతే లంగరు పట్టినట్టే. గొలుసు గడగడా అదిరిందంటే జారుతోంది. ‘పర్లేదులే’ అనుకోవద్దు, పైకి లాగి మళ్లీ వేయండి. మూడోసారి వేయడానికి సిగ్గుపడక్కర్లేదు. పక్క పడవవాళ్లు చూసి నవ్వుతారని ఊరుకున్నవాళ్లే రాత్రి రెండింటికి టార్చిలు పట్టుకుని తిరుగుతారు. గొలుసును పైకి లాగే యంత్రం దగ్గర మాత్రం వేళ్లు పెట్టకండి.

పట్టాక గొలుసుకు సాగే నైలాన్ తాడు కట్టి భారం దాని మీద వేయండి. ఆ తర్వాత అద్దం పెట్టుకుని నీళ్లలోకి దూకి, లంగరు ఇసుకలో దిగిందో లేదో కళ్లారా చూడండి. పడవ జరిగితే మోగే ఫోన్ అలారం చాలదా అంటారు. అలారం మోగేది పడవ జరిగాక.

అడ్మిరల్టీ బేలో అద్దె బోయాలు (పడవ కట్టుకోవడానికి నీళ్ల మీద తేలే బుంగలు) చూపిస్తామంటూ చిన్న పడవల్లో వచ్చేవాళ్లుంటారు. డబ్బులిచ్చి కట్టేసుకోవడం సుఖమే, కానీ అడుగున దాన్ని దేనికి కట్టారో ఎవరికి తెలుసు? కట్టినా సరే, మునిగి చూడాల్సిందే. ఆ పని ఎలాగూ తప్పనప్పుడు సొంత లంగరే నయం.

ఇప్పుడు మీ రోజు మీది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ఈత కొట్టండి. కాఫీ ఆ తర్వాతే, ముందు కాదు. స్నానం సముద్రంలో చేసి, చివరికి ఒక్క చెంబు మంచినీళ్లు పోసుకుంటే చాలు. పదకొండు నుంచి మూడు దాకా నీడలో పడుకోండి. మధ్యాహ్నానికి కుక్కర్లో పప్పు, పక్కన ఆవకాయ. దానికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. వాన జల్లు వస్తే కిటికీలు మూయండి, పది నిమిషాల్లో పోతుంది.

సాయంత్రం డింగీలో, అంటే పడవతో వచ్చే చిన్న పడవలో, దగ్గర్లోని ప్రిన్సెస్ మార్గరెట్ బీచ్‌కు వెళ్లొచ్చు. ఈ దీవుల బీచ్‌ల్లో చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలున్న మాంచినీల్ చెట్టు కనిపిస్తే దూరంగా ఉండండి. కాయ విషం, చెట్టు పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా అంతే.

ఇక్కడ సంధ్యవేళ ఎక్కువసేపు ఉండదు, కాబట్టి సూర్యుడు మునగకముందే తిరిగొచ్చి మాస్ట్ (తెరచాప కొయ్య) పైన తెల్లదీపం వేయండి. కొబ్బరిచెట్టు వరుసను మరోసారి చూసుకోండి. డింగీని నీళ్లలో వదలకుండా పైకెత్తి తాళం వేసి పడుకోండి.