డ్రాగ్ కారు మనమే ట్యూన్ చేసుకుందాం – 3వ భాగం: నాలుగు చక్రాల తూకం

డ్రాగ్ కారంటే తిన్నటి దారిలో, ఆగిన చోటునుంచి ఎంత తొందరగా పోతుందో చూసే పందెం కారు. మన కడప, కర్నూలు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. ఒక ఎద్దు గిట్ట జారిందంటే, రెండోది ఎంత ఊపుమీదున్నా బండ పక్కకు తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని ఎడమ, కుడి చక్రాలకు పంచే గేర్లు) ఉన్న కారుదీ అదే బాధ. రెండు చక్రాలకూ ఒకే బలం అందుతుంది, అదీ పట్టు తక్కువున్న చక్రం ఎంత మోయగలదో అంతే.

పోయిన భాగంలోని మన లెక్కల కారు మొదటి 60 అడుగులకు, అంటే 18.29 మీటర్లకు, 2.73 సెకన్లు తీసుకుంది. దూరాన్ని రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగించండి. 4.9 వస్తుంది, అదే త్వరణం, భూమ్యాకర్షణ త్వరణంలో (జీ) సగం, అంటే సుమారు 0.5 జీ. లాగ్‌లో (పరుగు కొలతలను క్షణక్షణం రాసి ఉంచిన రికార్డు) మొదటి సెకను తెరవండి. ఇంజన్ ఆర్‌పీఎం ఎగబాకిన చోటే జీ గీత కిందికి పడితే చక్రం ఉత్తినే తిరిగిందన్నమాట. అలాంటప్పుడు టర్బో పెడితే పొగ తప్ప ఏమీ పెరగదు. సెకనుకు ఒక్కసారే రాసే ఫోన్ జీపీఎస్ ఇక్కడ పనికిరాదు, ఈ 2.73 సెకన్లలో దక్కేది మూడు చుక్కలు. సెకనుకు 10 సార్లు రాసేది కావాలి.

ఇప్పుడు బరువు. డ్రైవరుతో కలిపి 900 కిలోలు, గరిమనాభి ఎత్తు 0.5 మీటరు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.4 మీటర్లు అనుకుందాం. బయల్దేరగానే 900 × 0.5 (జీ) × 0.5 (ఎత్తు) ÷ 2.4, దాదాపు 94 కిలోలు ముందునుంచి వెనక్కి పోతాయి. వెనక చక్రాలు లాగే కారుకు ఇది వరం. మన హ్యాచ్‌బ్యాక్‌లు చాలావరకు ముందు చక్రాలతో లాగేవి, వాటికి నష్టమే, మన లెక్కల కారూ అలాంటిదే.

తూకానికి నేల మట్టంగా ఉండాలి. కడప బండలు పరిచిన షెడ్డయినా కంటితో నమ్మొద్దు, మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చోట్లా చూడండి. ఒకే కాటా ఉంటే మిగతా మూడు చక్రాల కింద అదే ఎత్తుకు నాపరాళ్లు పేర్చండి. డ్రైవరు సీట్లో ఉండాలి, పెట్రోలు రేసు రోజున పోసినంతే ఉండాలి, యాంటీరోల్ బార్ (ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) లింకు విప్పాలి.

మనకు వచ్చిన తూకాలు: ముందు ఎడమ 285, ముందు కుడి 255, వెనక ఎడమ 165, వెనక కుడి 195. ఎడమ 450, కుడి 450, చూడ్డానికి బాగానే ఉంది. ఎదురెదురు మూలలు కూడండి, తేడా అక్కడ దొరుకుతుంది: ముందు కుడి, వెనక ఎడమ కలిపి 420, మిగతా రెండూ 480. బయల్దేరేటప్పుడు ముందు చక్రానికి 47 చొప్పున పోతే ముందు కుడి చక్రం మీద మిగిలేది 208. దానికి రెట్టింపు, 416 కిలోల పట్టే మనకు పనికొచ్చేది. ముందు చక్రాల మీద ఇంకా 446 ఉన్నా 30 కిలోలు వృథా.

కాయిల్‌ఓవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, షాకబ్జార్బర్ జత) ఉంటే ముందు కుడి స్ప్రింగ్ కింది గిన్నెను పైకి తిప్పండి. ఆ మూల, దాని ఎదురుమూల బరువెక్కుతాయి, మిగతా రెండూ తేలికవుతాయి. అర చుట్టు తిప్పి, కారును ముందుకూ వెనక్కూ దొర్లించి, మళ్లీ తూచండి. విసుగొస్తుంది, అయినా ఒక్కసారే ఎక్కువ తిప్పొద్దు. ముందు రెండూ 270, వెనక రెండూ 180 వచ్చేదాకా ఇదే పని.

పరీక్షకు బైపాస్ రోడ్డెక్కకండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి ట్రాకుకే పోవాలి. అక్కడ మూడు పరుగులు తీసి, తూకాల చీటీ వెనకే 60 అడుగుల కాలాలు రాసి ఉంచుకోండి. టైరు గాలి మార్చే వచ్చే భాగంలో ఆ చీటీతోనే మొదలుపెడదాం.