ఇంట్లో లేత్, మిల్లింగ్ మిషన్: కొత్త టూల్స్ కొనేముందు కదలిక ఆపండి

వరంగల్, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ టూల్‌తో కోసే మిషన్) పెట్టుకుని సొంత పని చేసుకునేవాళ్లున్నారు. రైల్వేలోనో సింగరేణిలోనో చేసి రిటైరైనవాళ్లు, ఐటీఐ చేసిన పిల్లలు, ప్రతి చిన్న బుష్‌కీ టౌన్‌కి తిరగలేక పాత మిషన్ కొనుక్కున్న రైతులు. అందరూ మొదట అడిగేది ఒకటే, ఏ ఇన్సర్ట్ (టూల్ చివర బిగించే గట్టి కోత ముక్క) మంచిది, డిజిటల్ రీడౌట్ (స్లైడ్ ఎంత కదిలిందో అంకెల్లో చూపేది) పెట్టించాలా అని. ఆ డబ్బులు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఫినిష్ రావట్లేదన్నా, జాబ్ (కోస్తున్న ముక్క) మీద అలలు పడుతున్నాయన్నా, పార్టింగ్ టూల్ (ముక్కను తెగ్గొట్టే బ్లేడ్) ఊరికే విరుగుతోందన్నా చాలాసార్లు కారణం ఎక్కడో ఏదో కదలడమే. ఆ కదలికను వెతికి పట్టుకుంటే మామూలు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తోనే మంచి పని వస్తుంది.

నేల నుంచి మొదలుపెట్టండి. మన చుట్టుపక్కల చాలా ఊళ్లలో నల్లరేగడి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు పగుళ్లిచ్చి కుంగుతుంది, దాని మీద పలచగా కాంక్రీట్ వేసి లేత్ పెడితే నేలతోపాటు లేత్ బెడ్ (మిగతా భాగాలు నిలబడే పొడవాటి ఇనుప దిమ్మె) కూడా మెలి తిరుగుతుంది. మెలి తిరిగిందని కంటికి కనపడదు, జాబ్ టేపర్ (ఒక కొస లావు, ఒక కొస సన్నం) వస్తున్నప్పుడే తెలుస్తుంది. వీలైతే మిషన్ కింద మాత్రం విడిగా మందంగా, రాడ్ వేసి కాంక్రీట్ పోయించండి. వీలు కాకపోతే బరువైన స్టాండ్ చేయించి నాలుగు మూలలా అడ్జస్ట్‌మెంట్ బోల్టులు పెట్టించండి.

మెలిక ఉందో లేదో చూడటానికి ఖరీదైన లెవెల్ అక్కర్లేదు. 40 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) రాడ్ తీసుకుని చక్‌లో (జాబ్‌ను పట్టుకుని తిప్పే దవడల్లో) గట్టిగా పట్టించి 150 మిల్లీమీటర్లు బయటికి ఉంచండి, ఈ పరీక్షకు మాత్రం టెయిల్ స్టాక్ (జాబ్ రెండో కొసకు ఆనించే భాగం) పెట్టొద్దు. మధ్య భాగాన్ని కొంచెం తగ్గించి, చక్ దగ్గర ఒకటి, చివర ఒకటి రెండు పట్టీలు మిగల్చండి. ఇప్పుడు క్రాస్ స్లైడ్ (టూల్‌ను జాబ్ లోపలికి నెట్టే స్లైడ్) ముట్టకుండా ఒకే సెట్టింగ్‌లో రెండింటి మీదా చాలా పలచటి కట్ తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. చివరి పట్టీ లావుగా ఉంటే టెయిల్ స్టాక్ వైపు మీకు దగ్గరగా ఉన్న కాలిని కొంచెం ఎత్తాలి, సన్నగా ఉంటే దించాలి. మళ్లీ కట్, మళ్లీ కొలత. ఓపిక పట్టి చేయండి, ఇది ఒక్కటి కుదిరితే సగం టెన్షన్ పోతుంది. నల్లరేగడిలో ఉన్నవాళ్లు మాత్రం ఎండకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి తప్పకుండా చూసుకోవాలి.

తర్వాత కరెంట్. ఇళ్లకు ఉండేది సింగిల్ ఫేజ్, పాత లేత్‌లకు ఎక్కువగా ఉండేది త్రీ ఫేజ్ మోటర్. వీఎఫ్‌డీ (మోటర్ స్పీడ్ మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టుకుంటే సింగిల్ ఫేజ్ 230 వోల్టుల నుంచి త్రీ ఫేజ్ 230 వస్తుంది. అయితే మన చిన్న మోటర్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్‌లో కట్టి ఉంటాయి (స్టార్, డెల్టా అనేవి మోటర్ చుట్లను కలిపే రెండు పద్ధతులు), కాబట్టి టెర్మినల్ బాక్స్ తెరిచి ఆరు కొసలు బయటికి ఉన్నాయో లేదో చూసి, ఉంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో డెల్టాకి మార్పించాకే కలపాలి. చక్ మరలతో ఎక్కించే రకం పాత లేత్ అయితే వీఎఫ్‌డీలో సడెన్ బ్రేక్ పెట్టొద్దు, రివర్స్‌లో కట్ తీయొద్దు, చక్ ఊడి వస్తుంది.

ఇంకొకటి, బోరు మోటర్ దగ్గర వాడే ఆటో స్టార్టర్‌ను లేత్‌కు ఎప్పుడూ పెట్టొద్దు. బోరు దగ్గర కరెంట్ రాగానే దానంతట అది ఆన్ అయితే సౌకర్యం. లేత్ దగ్గర కరెంట్ పోయిందని మీరు చక్‌లో చెయ్యి పెట్టి ఉన్నప్పుడు అదే జరిగితే వేళ్లుండవు. కరెంట్ పోగానే తెగిపోయి, మళ్లీ మీరు బటన్ నొక్కితేనే ఆన్ అయ్యే స్టార్టర్ కావాలి, కొనేటప్పుడు నో వోల్ట్ రిలీజ్ ఉందా అని అడగండి.

బట్టల సంగతి అందరికీ తెలిసిందే, అయినా చెప్పాలి. భుజం మీద తువ్వాల, లూజు చేతుల చొక్కా, చున్నీ, ఉంగరం, ఇయర్‌ఫోన్ వైరు ఏవీ ఉండొద్దు. గుడిలో కట్టించుకున్న చేతి దారం తీయడానికి మనసొప్పదు, నిజమే, కానీ ఆ దారం గట్టిది, చక్ పట్టుకుందంటే తెగదు, చేతినే లాగుతుంది. తీసి దేవుడి దగ్గర పెట్టి పనికి రండి. తిరిగే జాబ్ దగ్గర గ్లౌజులు కూడా వద్దు. చక్ కీ మీద నుంచి చెయ్యి తీయాలంటే ముందు కీ చక్‌లోంచి బయటికి రావాలి, దీన్ని అలవాటుగా మార్చుకోండి. ఎమెరీ పేపర్‌ను జాబ్ చుట్టూ తిప్పి రెండు చేతులతో పట్టుకోవడం చాలా షాపుల్లో కనిపిస్తుంది, అది చెయ్యొద్దు.

ఇక టూల్, జాబ్ ఎంత బయటికి ఉన్నాయన్నది అసలు సంగతి. బయటికి ఉన్న పొడవు రెండింతలైతే వంగడం ఎనిమిదింతలు అవుతుంది. అందుకే టూల్‌ను కట్ కి కావలసినంత వరకే బయటికి పెట్టి మిగతాదంతా టూల్ పోస్ట్ లోపలికి నెట్టండి. జాబ్ కూడా అంతే, దాని డయామీటర్‌కి మూడింతల కన్నా ఎక్కువ బయటికి ఉంటే సెంటర్ డ్రిల్ కొట్టి టెయిల్ స్టాక్ ఆనించండి. స్టీల్ బోరింగ్ బార్ (రంధ్రం లోపల కోసే టూల్) అయితే దాని డయామీటర్‌కి నాలుగింతలు దాటనివ్వొద్దు, హోల్‌లోకి దూరేంత లావుగా ఉన్న బారే వాడండి. కాంపౌండ్ స్లైడ్ (టూల్ పోస్ట్ కింద ఉండే చిన్న స్లైడ్) వాడనప్పుడు దాని గిబ్ స్క్రూలు (స్లైడ్ వదులును సరిచేసేవి) బిగించి ఉంచండి, ఫేసింగ్ (జాబ్ కొసను చదునుగా కోయడం) చేసేటప్పుడు క్యారేజ్ (టూల్‌ను బెడ్ మీద నడిపే భాగం) లాక్ చేయండి.

టూల్ ఎత్తు చూడటానికి పాత పద్ధతి ఉంది, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. మిషన్ ఆపి, టూల్ మొనకూ జాబ్‌కూ మధ్య పలచటి స్టీల్ స్కేల్ పెట్టి మెల్లగా ఆనించండి. స్కేల్ నిటారుగా నిలబడితే ఎత్తు సరిపోయినట్టు. పై కొస మీ వైపు వాలితే టూల్ కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది.

స్పీడుకు పెద్ద లెక్కలు అక్కర్లేదు. హెచ్ఎస్ఎస్ టూల్‌తో మైల్డ్ స్టీల్ అయితే 8000ను మిల్లీమీటర్లలో డయామీటర్‌తో భాగించండి, 20 మిల్లీమీటర్ల రాడ్‌కి 400 ఆర్పీఎం వస్తుంది. పోత ఇనుము, స్టెయిన్‌లెస్ అయితే దాంట్లో సగం, అల్యూమినియం, ఇత్తడి అయితే రెండింతలకు పైనే వెళ్లొచ్చు. చాటర్ (టూల్ అదురుతూ అరవడం) వస్తే స్పీడ్ తగ్గించి ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) కొంచెం పెంచండి. చాలామంది భయపడి ఫీడ్ తగ్గిస్తారు, అప్పుడు టూల్ కోయడం మానేసి రుద్దుతుంది, అరుపు ఇంకా పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ మీద అలా రుద్దితే పైపొర గట్టిపడి తర్వాతి కట్ కూడా పాడవుతుంది.

పార్టింగ్ అంటే అందరికీ భయమే. వీలైనంత చక్ దగ్గర కోయండి, బ్లేడ్ జాబ్‌కి సరిగ్గా అడ్డంగా ఉండాలి, ఎత్తు సెంటర్‌కి ఉండాలి, స్పీడ్ టర్నింగ్‌లో సగానికి దించండి, క్యారేజ్ లాక్ చేయండి, ఆయిల్ ఆగకుండా పోయండి. చేత్తో తిప్పే ఫీడ్ మధ్యలో ఆగొద్దు. టెయిల్ స్టాక్ సెంటర్ ఆనించి పూర్తిగా తెగ్గొట్టాలని చూడకండి, చివర్లో ముక్క ఇరుక్కుని బ్లేడ్ పోతుంది.

మిల్లింగ్‌లోనూ (తిరిగే కట్టర్‌తో బిగించిన జాబ్‌ను కోయడం) సూత్రం అదే. ఎండ్ మిల్‌ను (మిల్లింగ్ కట్టర్‌ను) డ్రిల్ చక్‌లో పట్టించి కోస్తే పక్క ఒత్తిడికి చక్‌ను పట్టి ఉంచే ఏటవాలు కాడ వదులై చక్ కిందపడుతుంది, ఈఆర్ కొలెట్ సెట్ (కట్టర్‌ను చుట్టూ సమానంగా బిగించే గొట్టాలు) కొనుక్కోండి, డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. పాత మిషన్‌లో లీడ్ స్క్రూకి (టేబుల్‌ను నడిపే మరకు) ప్లే, అంటే వదులు, ఉంటుంది కాబట్టి కట్టర్ తిరిగే దిశకు ఎదురుగానే జాబ్‌ను నడపండి. అదే దిశలో నడిపితే కట్టర్ ఒక్కసారిగా టేబుల్‌ను లాక్కుంటుంది, కట్టర్ విరగడమో జాబ్ ఎగరడమో జరుగుతుంది. వాడని స్లైడ్లన్నీ లాక్ చేయాలి. వైస్ బిగించాక జాబ్‌ను రబ్బరు సుత్తితో కొట్టి కింద పెట్టిన ప్యారలల్స్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు ఇనుప పట్టీలు) కదులుతున్నాయేమో చూడండి, కదిలితే జాబ్ పైకి లేచినట్టే. వైస్ స్థిర దవడను డయల్ గేజ్‌తో సూటిగా పెట్టుకోవడం కొంచెం టైం తీసుకున్నా మానొద్దు.

మార్కింగ్‌కి సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే చదునైన బల్ల) కొనలేనివాళ్లకు కరీంనగర్ గ్రానైట్ ఉండనే ఉంది. పాలిష్ చేసిన మందపాటి ముక్క కటింగ్ యూనిట్లలో అడిగి తెచ్చుకోండి. మైక్రాన్ల పనికి పనికిరాదు గానీ హైట్ గేజ్ పెట్టి గీతలు గీసుకోవడానికి చక్కగా సరిపోతుంది. చిన్న టూల్స్, కొలెట్లకు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే ఒకేచోట చూసి ఎంచుకోవచ్చు, చేత్తో పట్టి చూశాకే కొనండి.

వానకాలం తుప్పు ఒకటి మిగిలింది. పని కాగానే బెడ్ తుడిచి 68 గ్రేడ్ ఆయిల్ పలచగా రాయండి. గ్రీజు పూయొద్దు, చిప్స్ అతుక్కుని బెడ్‌ను అరగదీస్తాయి. కూలెంట్ కలిపిన నీళ్లు చక్ కింద, వైస్ కింద నిలబడి ఉంటాయి, వారానికోసారి వైస్ విప్పి కింద కూడా తుడవండి. గోనె సంచి కప్పితే అది తేమ పట్టి ఉంచుతుంది, అందుకే వద్దు, షెడ్డు రేకు కారుతున్నచోట ముందే సీల్ చేయించుకోండి.