చెయ్యి కదిపి తీసే ఫొటోలు

ఫొటో తీసేటప్పుడు చెయ్యి వణకొద్దని అందరూ చెప్తారు, ఈ పద్ధతిలో మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను కావాలనే కదపాలి, ఎటు కదపాలో మాత్రం ఎదురుగా ఉన్నదే చెప్తుంది. పొలం గట్టు మీద తాటిచెట్లుంటే కిందినుంచి పైకి, వరంగల్ భద్రకాళి చెరువు ఒడ్డునైతే నీటి అంచు వెంబడి అడ్డంగా. గీతకు ఎదురు కదిపితే చాలాసార్లు అంతా అలుక్కుపోతుంది.

షట్టర్ ప్రయారిటీ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మనమే పెట్టే మోడ్), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ స్పీడ్ 1/4 సెకను దగ్గర మొదలుపెట్టండి. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే మీరు కదిపినదాన్ని అది సరిచేయాలని చూస్తుంది. పొద్దున, సాయంత్రం ఇది చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్ 22 దాకా చిన్నదైనా షట్టర్ 1/50 దగ్గరే ఆగుతుంది, అప్పుడు వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ లెన్స్‌కు తగిలిస్తే 1/6 దాకా దిగుతుంది.

అసలు కిటుకు చేతిలో ఉంది. గోడకు సున్నం వేసే మనిషిని చూడండి, కుంచె గోడకు ఆనకముందే చెయ్యి ఊపు అందుకుంటుంది, గోడ దాటాక కూడా ఆగదు. అట్లనే కదలిక మొదలయ్యాక బటన్ నొక్కాలి, షట్టర్ మూసుకున్నాకే చెయ్యి ఆగాలి.

మిర్చి సీజన్‌లో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఎర్రటి రాశుల ముందునుంచి తెల్ల రుమాలు చుట్టుకున్న హమాలీ నడుస్తుంటే 1/8లో ఆయన వెంటే కెమెరా తిప్పండి: మిరపకాయలన్నీ ఎర్ర చారలైపోతాయి, రుమాలు మాత్రం తెల్లగా తేలుతుంది. ఇట్లా ఒక్క రంగు నిండుగా, దాని మీద ఇంకో రంగు కొంచెమే ఉన్న చోట్లే నాకు బాగా వచ్చాయి. నలభై తీస్తే రెండు మిగులుతాయి, కెమెరా స్క్రీన్ మీద చూసి మాత్రం డిలీట్ చేయకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బతుకమ్మ. లైట్లు పడ్డాక మిద్దె మీదినుంచి కిందికి గురిపెట్టి, పేర్చిన బతుకమ్మలను సరిగ్గా నడిమధ్యలో ఉంచి, 1/2 సెకనులో నల్లా తిప్పినట్టు మణికట్టు తిప్పాలి. మధ్యలో గునుగు, తంగేడు కాస్త నిలకడగా ఉంటాయి, చుట్టూ చీరలు రంగుల వలయాలవుతాయి. ఆడేవాళ్లను ముందే అడగండి. ముఖాలు ఎట్లాగూ ఆనవు, అయినా మా పెద్దమ్మ ఫొటో చూడగానే ఒక పచ్చని చారమీద వేలు పెట్టి "ఇది నేనే బిడ్డా" అంది.