పాత ఇంగ్లీషు వెండి నాణేలపై అక్షరదోషాలు – నాలుగవ పాఠం: లేని అక్షరం, కనిపించని అక్షరం

గత పాఠంలో ఇంగ్లండు రాజు మూడవ విలియం కాలపు షిల్లింగులపై అక్షరదోషాలు వెతకమన్న తరువాత పాఠకులు పంపిన చిత్రాలలో అధికభాగం దోషాలు కావు, ఉత్త అరుగుదల. అందుచేత అక్షరంపై అక్షరం కొట్టిన రకాలను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈసారి ఆ తికమక దగ్గరే ఆగుతున్నాను.

అంచులు కత్తిరించిన పాత వెండి నాణేలను 1696లో వెనక్కి తీసుకొని కొత్తవి కొట్టడం మొదలుపెట్టినప్పుడు లండన్ టంకశాల ఒక్కటే చాలక బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నార్విచ్, యార్క్ నగరాలలోనూ టంకశాలలు తెరిచారు. డైపై, అంటే నాణేన్ని అచ్చువేసే లోహపు దిమ్మపై, ఒక్కొక్క అక్షరాన్నీ విడి పంచ్‌తో (కొసన ఒక అక్షరం చెక్కిన ఉక్కు కడ్డీతో), నాణెంపై తిరగబడకుండా పడేలా కుడి నుంచి ఎడమకు కొట్టుకుంటూ పోవలసి వచ్చేది. ఆ తొందరలో పుట్టినవే ఈ తప్పులు. 1696 షిల్లింగులలో ‘గులియెల్మస్’ (GVLIELMVS, విలియంకు లాటిన్ రూపం) అన్న రాజు పేరులో రెండవ ‘ఎల్’ పడిపోయినది ఒకటుంది. అదే ఏటి షిల్లింగు బొరుసుపై ‘ఎమ్–ఏ–జి’కి (లాటిన్‌లో ‘గ్రేట్ బ్రిటన్’లోని ‘గ్రేట్’కు పొట్టిరూపం) బదులు ‘ఎమ్–ఏ–బి’ పడింది. 1697 అరక్రౌనుపై (రెండున్నర షిల్లింగుల నాణెం) ‘దేవుని దయవల్ల’ అన్న లాటిన్ మాటలలోని ‘జి–ఆర్–ఏ’ కాస్తా ‘జి–ఆర్–ఆర్’ అయింది.

ఇక అసలు చిక్కు. అక్షరం కనిపించనంత మాత్రాన అది డైపై లేనట్టు కాదు. డైలోని అక్షరపు గుంటలో జిడ్డు, లోహపు పొడి చేరుకుంటే నాణెంపై ఆ అక్షరం సరిగా లేవదు, కానీ దాని చోటు ఖాళీగా మిగిలే ఉంటుంది. పంచ్ పట్టినవాడే అక్షరం మరచిపోతే ఆ చోటు సాధారణంగా మిగలదు. రాజు పేరులో రెండవ ‘ఎల్’ మరచిపోతే ‘ఈ’ పక్కనే ‘ఎమ్’ మామూలు ఎడంతో నిలుస్తుంది. అరుగుదల మాత్రం ఒక్క అక్షరాన్నే ఏరుకొని మింగదు, ఇరుగుపొరుగు అక్షరాలనూ పలచబరుస్తుంది. కాబట్టి అక్షరం కోసం వెతికే ముందు ఎడాన్ని కొలవండి. ఇంత చెప్పినా ఖాళీచోటు నడిమధ్య బాణం గుర్తు గీసి “అరుదైన దోషం” అని రాసేవారిపై నాకు విసుగు రాక మానదు.

‘ఎల్’ కింది గీత అరిగితే ‘ఐ’లా కనిపిస్తుంది. రాజు పేరులో ‘ఎల్’ రెండుసార్లు వస్తుంది గనుక రెండింటినీ పోల్చండి: రెండూ ఒకే చోట తెగి ఉంటే విరిగిన పంచ్‌ను అనుమానించాలి, ఒక్కటే తెగి ఉంటే అరుగుదలనో జిడ్డునో అనుమానించాలి. ‘జి’, ‘బి’ల మధ్య సందేహం వస్తే ఎడమ అంచు చూడండి, ‘బి’కి అక్కడ నిలువుగీత ఉంటుంది, ‘జి’కి వంపు ఉంటుంది. అడ్డగీత లేని ‘ఏ’ను కొందరు ప్రత్యేక రకంగా లెక్కిస్తారు, నేను లెక్కించను. భూతద్దం ఎంత మంచిదైనా, దీపాన్ని పక్కకు దించి ఏటవాలు వెలుతురులో చూడనివారికి ఇవేవీ కనిపించవు.

అభ్యాసం: బాగా అరిగిన 1696 షిల్లింగు చిత్రం ఒకటి తీసుకొని, కేటలాగు తెరవకుండా, బొమ్మ వైపు అక్షరాలన్నిటినీ వాటి మధ్య ఎడాలతో సహా కాగితంపై గీయండి. ప్రతి సందేహపు అక్షరం కింద, నాణెంపై నిజంగా మిగిలిన గీతలను మాత్రమే రాయండి. ఉండాలని మీరు ఊహించినవి రాయకండి.